మెట్ల దగ్గర గోడకు ఒక గేటు

సభకు పెద్దగా కూర్చున్న చైర్మన్ గారికి, ఆయన పక్కనే కుర్చీ అంచున కూర్చుని ఎప్పుడెప్పుడు సైటుకు పరిగెత్తుదామా అని చూస్తున్న ఇంజనీరు గారికి, పంపుల మోతలో నాతో పాటు చెవులు సగం పోగొట్టుకున్న పంపుహౌస్ మిత్రులకు, ఏటివీధి నుంచి ఇళ్లకు తాళాలు వేసుకుని మరీ వచ్చిన ఇరుగుపొరుగు అక్కలకు, అన్నలకు, పిల్లలకు నమస్కారం. రెండో వరసలో మా ఆవిడ కూర్చుంది. ఆమెకు కూడా ఇక్కడి నుంచే నమస్కారం పెడితే ఇంటికి వెళ్లాక ఏమంటుందో తెలియదు కాబట్టి ఆమెకు విడిగా పెట్టుకుంటాను. (నవ్వులు)

నేను మాట్లాడేవాణ్ని కాదని మీ అందరికీ తెలుసు. రోజూ ఇంటి ఖర్చు రాసుకుంటే తప్ప నిద్రపట్టని అలవాటు నాకుంది. దాన్ని పట్టుకుని మా ఆవిడ వచ్చినవాళ్లందరితోనూ, ‘ఈయన మాటల్ని కూడా పద్దులో రాసుకుంటాడమ్మా, అందుకే అంత పొదుపు’ అంటూ ఉంటుంది. ఇవాళ మాత్రం కాస్త ఎక్కువ ఖర్చు పెట్టబోతున్నాను. ఒక సంగతి అడగాల్సి ఉంది. అది ఇవాళ అడక్కపోతే రేపటికి పనికిరాదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే మధ్యలో ధైర్యం చాలక మానేస్తానేమోనని నాకే భయంగా ఉంది. ఇప్పుడు మీరంతా విన్నారు కాబట్టి మానడానికి వీల్లేదు.

నా రిటైర్మెంటు సభ కదా, నా ముందు మాట్లాడినవాళ్లు నా గురించి చాలా మంచి చెప్పారు. అందులో సగం మా ఫిట్టరు మేస్త్రీది. ఆయన వెళ్లిపోయి చాలాకాలమైంది కాబట్టి ఆయన వాటా కూడా నాకే వచ్చింది. ఆ పంపుహౌస్ కట్టేటప్పుడు పైపులు మొయ్యడానికి వచ్చిన కూలీని నేను. బడికి వెళ్లలేదు. పంపుల్లో వేసే వాషర్లు పాత పేపర్లలో చుట్టి పంపేవాళ్లు. ఆ ముక్కల మీద మేస్త్రీ చూపుడు వేలు పెట్టి చూపిస్తే అక్షరాలు పట్టుకున్నాను. అందుకే ఆ రోజుల్లో లోకంలో జరిగిన ప్రతి సంగతీ నాకు సగమే తెలుసు. ఎవరో దొంగ దొరికాడని చదివాను, ఏం దొంగిలించాడో మాత్రం ఆ వాషరు చుట్టిన ముక్కలో లేదు. (నవ్వులు)

మన ఇళ్లకు కుళాయిలు వచ్చిన రోజు ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు నీళ్లంటే ఏటి మెట్లే. పొద్దున్నే బిందెలు, మధ్యాహ్నం బట్టలు, సాయంత్రం ఈతకు దిగిన పిల్లల్ని చెవి పట్టుకుని ఈడ్చుకెళ్లే తల్లులు. మా ఇంటి కుళాయి మొదటిసారి తిప్పింది మా అమ్మ. చేయి కింద పెట్టి, వాసన చూసి, బిందె నింపి, ‘బాగుందిరా’ అంది. నేను పొంగిపోయాను. పైపు మోసింది నేను కదా మరి! మర్నాడు పొద్దున చూస్తే అమ్మ మళ్లీ బిందె చంకన పెట్టుకుని మెట్ల వైపు నడుస్తోంది. ‘ఎక్కడికమ్మా, నీళ్లు ఇంట్లోకే వచ్చాయి కదా?’ అన్నాను. ‘నీళ్లొచ్చాయిలేరా. వాళ్లు రారుగా!’ అంది. వాళ్లంటే ఎవరో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. అటు వీధి చివర నుంచి వచ్చే ఆవిడ, ఇటు బడ్డీకొట్టు వాళ్ల కోడలు, ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో బిందె నిండేలోపు తెలిసిపోయే ఆ గుంపు. కొన్నాళ్లు అమ్మ అలాగే ఖాళీ బిందెతో వెళ్లి ఖాళీ బిందెతో వచ్చేది. తర్వాత వాళ్లు ఒక్కొక్కరే రావడం తగ్గించారు, ఆమె కూడా మానేసింది.

ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. బిందె మోసిన నడుము ఎలా నొప్పి పుడుతుందో ఆ రోజుల్లో మోసినవాళ్లను అడగండి. ఏటిని ఇళ్ల దాకా తీసుకొచ్చే పనిలో బతుకంతా గడిపినందుకు నాకు తృప్తిగానే ఉంది. కాకపోతే నీళ్లు ఇంటికి వచ్చాక, మనం ఏటికి వెళ్లాల్సిన పని తప్పిపోయింది. వెళ్లకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాం. ఆ సంగతి చెప్తాను. ఇందులో లాండ్రీ బావ, అక్క ఉన్నారు. ఇద్దరూ అదిగో, తలుపు పక్కన కూర్చున్నారు. బావా, అక్కడే కూర్చో, లేచిపోకు. (నవ్వులు)

వీళ్లు మెట్ల దగ్గర ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతారని మీకు తెలుసు. ఒక వేసవిలో ఆ దుప్పట్లు నీలంగా వస్తున్నాయని ఆసుపత్రి పెద్ద నర్సమ్మ గొడవ మొదలుపెట్టింది. బావ ఇంటికొచ్చి అక్క మీద పడ్డాడు. 

‘నీలిమందు పిడికిళ్లతో పోస్తున్నావా ఏంటే? రోగులు దుప్పటి కప్పుకుంటే ఆకాశం కప్పుకున్నట్టుందట!’ 

‘నా చేతులు నాకు తెలుసు. నీ కళ్లే నీలంగా ఉన్నాయేమో చూపించుకో, ఎలాగూ ఆసుపత్రికే పోతున్నావుగా’ అని అక్క. 

ఆ గొడవ ఏటివీధి మొత్తం వింది. నేను పంపుల పక్కన ఉండి కూడా విన్నాను. అక్క నీలిమందు సగం చేసింది. దుప్పట్లు నీలం. చిటికెడు చేసింది. నీలం. ఆఖరికి కోపమొచ్చి నీలిమందు పొట్లం తీసుకెళ్లి బావ చేతిలో పెట్టి, ‘ఇదిగో, నువ్వే దాచుకో’ అని అసలు వెయ్యడమే మానేసింది. వారం తిరిగేసరికి ఆసుపత్రి నుంచి మళ్లీ దుప్పట్లు వెనక్కి వచ్చాయి. నీలం!

అప్పుడు గానీ ఇద్దరూ కలిసి నీళ్ల వైపు చూడలేదు. చూస్తే ఏమీ కనపడలేదు. దోసిట్లో పడితే తేటగానే ఉన్నాయి. అక్క ఒక తెల్లటి గుడ్డ మెట్టు రాయికి కట్టి ఒక పూట నీళ్లలో వదిలింది. తీసేసరికి లేత నీలం ఎక్కింది. మెట్ల మీద ఊరికే వచ్చి కూర్చునే నలుగురైదుగురు అప్పటికింకా ఉన్నారు. వాళ్లంతా లేచి గట్టు వెంట పైకి నడిచి, పొదలు తప్పించి చూస్తే, నూలుకు రంగులద్దే షెడ్డు వెనక రంగునీళ్ల గొయ్యి బీటలిచ్చి సన్నగా ఏట్లోకి కారుతోంది. షెడ్డు ఆయనకే తెలియదు. మర్నాడే గొయ్యి పూడ్చి కొత్తది కట్టించాడు. ఆయన కూడా ఈ సభకు వచ్చాడు, మంచి మనిషి, మీరెవరూ వెనక్కి తిరిగి చూడొద్దు. (నవ్వులు)

నన్ను ఇప్పటికీ తొలిచే సంగతి ఒకటుంది. మా పంపుహౌస్ నీళ్లు తోడేది ఆ షెడ్డుకు పైన. మెట్లు దానికి కింద. కాబట్టి మన కుళాయిల్లో ఆ రంగు ఒక్క చుక్క రాలేదు. మనకు ఏ ఇబ్బందీ లేదు. ఆ నీళ్లు తాగేది మన కింద ఊళ్లవాళ్లు. మెట్ల దగ్గర దుప్పటి జాడించేవాళ్లు లేకపోయి ఉంటే మనం ఎన్నేళ్లయినా హాయిగా స్వచ్ఛమైన నీళ్లు తాగుతూ, కింద ఊరి పిల్లల చేత రంగు తాగిస్తూ ఉండేవాళ్లం. అందులో ఎవరి పాపమూ ఉండేది కాదు. చూసే కన్ను ఉండేది కాదు, అంతే. ఏరు మన ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి పోతుందని కుళాయి తిప్పినప్పుడు ఎవరికి గుర్తుకొస్తుంది? మెట్ల మీద కూర్చుంటే గుర్తుకొస్తుంది. నీళ్లు కళ్ల ముందే పోతూ ఉంటాయి కదా.

ఇంకొకాయన ఉన్నాడు. ఆయన ఎవరో చెప్పను, సభలో ఉన్నాడో లేడో కూడా చెప్పను. భార్య పోయిన దగ్గర్నుంచి రోజూ కొట్టు మూసి మెట్ల మీదికి వచ్చి కూర్చుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. చీకటి పడే ముందు లేచి, లుంగీ దులుపుకుని వెళ్లిపోతాడు. గట్టు మీదికి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ని. ఎందుకొస్తారని ఎవరూ అడగరు. నేనూ అడగను. ఆ మాటకొస్తే మనలో ఎవరం ఎప్పుడో ఒకసారి అలా వెళ్లి కూర్చోలేదు గనక? కుళాయి ముందు కూర్చోలేం కదండీ.

(నీళ్లు తాగి)

ఇప్పుడు ఏటిగట్టున కడుతున్న వరదగోడ గురించి. మొన్నటి వరద ఎవరూ మర్చిపోలేదు. మా వంటగదిలో నీళ్లు నిలిచాయి. మా ఆవిడ అటక మీద కూర్చుని, కింద తేలుతున్న గిన్నెలను చీపురుకట్టతో దగ్గరికి లాగుతూ, ‘ఇన్నాళ్లూ ఏరును ఇళ్లలోకి తెస్తానన్నావుగా, వచ్చింది చూసుకో’ అంది. (నవ్వులు) మేం నవ్వుకోగలిగాం. అక్కా బావల ఇంటి వెనక గోడ కూలింది. వాళ్ల మనవరాలు ఆ గోడ పక్కనే నిద్రపోతూ ఉండాల్సింది. దైవికంగా ఆ పూట మా ఇంట్లో ఉంది. కాబట్టి గోడ వద్దని ఎవరైనా అంటే ముందు నేనే కొట్లాడతాను. గోడ కావాలి. ఎత్తుగా కావాలి. ఇంజనీరు గారు ఎండలో నిలబడి, ప్రతి బారనూ తట్టి చూసుకుని కట్టిస్తున్నారు. గోడ అటు నుంచి వచ్చింది, ఇటు నుంచి వచ్చింది, మెట్ల దగ్గర ఒక్క ముక్క మిగిలింది. చెక్కలు బిగించేశారు. రేపు పొద్దున కాంక్రీటు పోస్తారు. పోస్తే ఇక మెట్లు అటు, మనం ఇటు.

నేను అడగదలుచుకున్నది ఆ ముక్క గురించి. అక్కడ గోడతో పాటు ఒక గేటు పెట్టండి.

ఇది ఇవాళ కొత్తగా అడుగుతున్నది కాదు. పోయినవారం ఇంజనీరు గారి సైటు షెడ్డుకు వెళ్లాను. కూర్చోబెట్టి, తన సీసాలో మంచినీళ్లు ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నారు. అంతా విని ఒకటే అడిగారు. 

‘గేటు పెట్టడం ఎంతసేపండీ? మూసేదెవరు?’ 

‘మనుషులే మూయాలమ్మా’ అన్నాను. 

‘అదే నా భయం. పైన ఒక ఊళ్లో ఇలాంటి గేటే పెట్టారు. వరద వచ్చిన రోజున మూయాల్సినాయన మేనకోడలి పెళ్లికి వెళ్లాడు. తాళంచెవి జేబులో వేసుకుని మరీ వెళ్లాడు. పెళ్లి బాగా జరిగిందట. ఊరు మునిగింది. గోడ పెళ్లిళ్లకు వెళ్లదండీ.’

ఆమె చెప్పింది నిజం. కూలిన గోడ పక్కన ఎవరు పడుకోవాల్సిందో నాకు తెలుసు. నమస్కారం పెట్టి వచ్చేశాను. దారిలో అనుకున్నాను, ఇక ఊరుకుందాం, పెద్దవాళ్లకు తెలియదా అని. ఊరుకోలేకపోయాను. ఎందుకో నిజం చెప్పేస్తాను. ఇందులో నా స్వార్థం ఉంది.

పంపుహౌస్‌లో నా కుర్చీ పక్కన ఒక కిటికీ ఉంది. ఇనుప చువ్వలు, ఒక అద్దం పగిలితే అట్ట అంటించాం. అందులోంచి ఏరు కనిపిస్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ చేసేదేమీ ఉండదు, చూస్తూ కూర్చోవడమే. వానాకాలంలో బురదరంగు, చలికాలంలో పొద్దున్నే పొగ, ఎండాకాలంలో మధ్యలో ఇసుక తేలి, దాని మీద తెల్ల కొంగలు. ఆ కిటికీ నాదే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. అది నాది కాదు, ఉద్యోగానిది. రేపటి నుంచి నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మా ఇల్లు గోడకు ఇవతల. మేడ మీద మేడ కట్టే స్తోమత లేదు. రేపు ఆ ముక్క పోశారంటే, ఇక నేను ఏటిని చూడాలంటే బస్సెక్కి వంతెన మీద దిగాలి. వంతెన మీద ఎంతసేపు నిలబడతామండీ, వెనక లారీలు హారన్లు కొడుతుంటే?



నాలుగు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని మా ఆవిడ అడిగింది, ఉద్యోగం పోతోందని బెంగా అని. కాదే, ఏరు పోతోంది అన్నాను. ఆమె నవ్వలేదు. ‘అయితే సభలో అడుగు. నీ కోసం పెట్టిన సభ, కాదంటే నిన్ను పంపించేస్తారా? ఎలాగూ పంపించేస్తున్నారుగా’ అంది. (నవ్వులు)

కాబట్టి చైర్మన్ గారూ, ఇంజనీరు గారూ, మూసేదెవరు అన్నదానికి జవాబు తెచ్చాను. నేను మూస్తాను. జీతం అక్కర్లేదు. ఏరు పెరుగుతుందంటే పంపుహౌస్ వాళ్లకే ముందు తెలుస్తుంది, వాళ్లు ఫోను చేస్తారు, మా ఇంటి నుంచి మెట్లకు పిలిస్తే పలికేంత దూరం. పంపులు ఆపడం, వాల్వులు తిప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. మీరు గేటు పెట్టండి, దాన్ని తిప్పే పని నాకివ్వండి.

(ఇంజనీరు గారు కూర్చున్నచోటి నుంచే: “మీరు పెళ్లికి వెళ్తే?” నవ్వులు.)

వెళ్లనమ్మా అంటే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. నేనే కాదు, ఎవరైనా ఎప్పుడో ఒకసారి వెళ్తారు. జబ్బు పడతారు. ముసలివాళ్లవుతారు. అందుకే...

(లాండ్రీ అక్క లేచి నిలబడి: “నేనుంటానమ్మా. పెళ్లిబట్టలు ఉతకడానికి పిలుస్తారు గానీ పెళ్లికి మమ్మల్నెవరు పిలుస్తారు తల్లీ!” సభలో పెద్దగా నవ్వులు, చప్పట్లు. బావ ఆమె చెంగు పట్టుకుని కూర్చోమంటున్నాడు. “నువ్వుండు. వెనక గోడ కూలింది మనది. భయం ఉన్నవాళ్లం మనం. మనకంటే జాగ్రత్తగా ఎవరు మూస్తారు?”)

అక్కా, నేను చెప్పబోయింది అదే, నువ్వు నాకంటే బాగా చెప్పావు. ఇద్దరం ఉంటాం ఇంజనీరు గారూ. ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు కదలకూడదు.

(ఇంజనీరు గారు లేచి మైకు అడిగారు. “వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వానాకాలమంతా నెలకొకసారి, వీధివాళ్లందరి ముందు గేటు మూసి చూపించాలి. ఇద్దరూ చాలరు, మూడో మనిషి కావాలి, వయసులో చిన్నవాళ్లు. నేను గోడ మీద ఎర్రగీత పెడతాను. నీళ్లు గీత దాటాక ఒక్కసారి గేటు తెరిచి కనిపించినా, ఆ మర్నాడే నేనే వచ్చి కాంక్రీటు పోయిస్తాను. అప్పుడు బతిమాలకూడదు.”)

బతిమాలను. ఆ షరతు న్యాయమైనది. మాట తప్పితే మీరు రాకముందే ఇసుక నేనే మోస్తాను.

(చైర్మన్ గారు: “కౌన్సిలు ఒప్పుకోవాలి, ఇక్కడ నేను మాటివ్వలేను. రేపు ఆ ముక్క పొయ్యొద్దని మాత్రం గోడ కట్టే మేస్త్రీకి ఇప్పుడే చెప్తున్నాను. మూడో మనిషి ఎవరో తేల్చుకుని రండి.” చప్పట్లు. వెనక వరసలోంచి షెడ్డు ఆయన: “మా అబ్బాయి ఉంటాడండీ!” నవ్వులు.)

(చేతిలోని కాగితం చూసుకుని)

ఈ కాగితం మీద ఇంకా చాలా ఉంది. ఇక్కడి నుంచి చివరి దాకా, మీరు కాదన్నాక ఏం చెప్పాలో రాసుకున్నాను. ఔనంటారని అనుకోలేదు, దానికేమీ రాసుకోలేదు. మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

నాతో పనిచేసినవాళ్లకు కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్న చైర్మన్ గారికి, అడగాల్సిన ప్రశ్న అడిగి మమ్మల్ని ఊరికే వదలని ఇంజనీరు గారికి, ఈ సాయంత్రం నా కోసం వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. కౌన్సిలు ఏమంటుందో తెలియదు. ఒప్పుకునేలా చెప్పడం ఇక మన పని, నేనొక్కణ్ని వెళ్తే నాలుగు మాటల్లో ముగించి వచ్చేస్తాను, కాబట్టి మీరూ రండి.

(ఇంజనీరు గారు: “గేటు వెడల్పు ఎంత రాసుకోమంటారు?”)

వెడల్పా అమ్మా? అక్క నెత్తి మీద దుప్పట్ల మూటతో పక్కకు తిరగకుండా పట్టాలి. ఎదురుగా ఇంకొకరు బిందెతో వస్తే, ఇద్దరూ అక్కడే ఆగి, దారికి అడ్డం కాకుండా కాసేపు మాట్లాడుకునేంత ఉండాలి. రేపు పొద్దున ఇద్దర్నీ నిలబెట్టి కొలిచి చెప్తాను. 

సెలవు.